పోటు కొలిచే పిల్లలు
1996 నవంబరు తుఫాను మృతుల స్మారకోపన్యాసం, అమలాపురం



1996 నవంబరు 6 రాత్రి, కాకినాడకు దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరాన తుఫాను తీరం దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. గౌతమి మొగ దగ్గర భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళలో వేటకు వెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరిచెట్లు లక్షల్లో నేలకొరిగాయి. నడివయసు దాటినవాళ్ళకు ఆ రాత్రి ఎలా గడిచిందో నేను చెప్పనక్కర్లేదు.

ఆ మృతుల పేరిట మాట్లాడమన్నప్పుడు నేను చెప్పిన విషయం విని నిర్వాహకులు కాస్త ఆగారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు సముద్ర విజ్ఞానాన్ని పుస్తకం చదివించి కాక, చేతులతో చేయించి నేర్పడం ఎలాగన్నది నా విషయం. సంస్మరణ సభకూ దీనికీ సంబంధం ఏమిటని అడిగారు. ఆ సంబంధం ఒక చిన్న లెక్కలో ఉంది.

ఆ ఏడాది దీపావళి నవంబరు 10న వచ్చింది. అంటే తుఫాను తీరం దాటింది అమావాస్యకు నాలుగు రోజుల ముందు. అష్టమి దాటి మూడు రోజులే అయింది కనుక అవి పోటు తక్కువగా ఉండే రోజులు. అదే తుఫాను దీపావళి రాత్రి, సరిగ్గా నిండు పోటు వేళ దాటి ఉంటే నీరు ఇంకెంత ఎత్తు లేచేది? దీనికి జవాబు చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఊరి రేవులో ఒక కర్ర పాతి, నెల రోజులు నీటిమట్టం రాసుకున్న ఏడో తరగతి పిల్ల చెప్పగలదు. అమావాస్య పోటుకూ అష్టమి పోటుకూ తన పట్టికలో ఉన్న తేడాను సెంటీమీటర్లలో చదివి చెబుతుంది. ఆ పిల్ల ఇంట్లో ఉంటే, మరోసారి హెచ్చరిక వచ్చిన రాత్రి, ‘తీరానికి ఇన్ని మీటర్ల ఉప్పెన’ అన్న మాట ఆ ఇంటికి వట్టి అంకెగా వినిపించదు. మా అరుగు ఎంత ఎత్తు, మా వీధి ఎంత ఎత్తు అన్న లెక్కతో కలిపి వినిపిస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే. సముద్రం పక్కన బతికే పిల్లకు సముద్రాన్ని కొలవడం రావాలి. అది బళ్ళోనే రావాలి.

ఆ కర్ర సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అన్నిటికన్నా చవకైనదీ, అన్నిటికన్నా ఎక్కువ నేర్పేదీ అదే. రెండున్నర మీటర్ల వెదురు కర్ర, లేదా పాత పీవీసీ గొట్టం. సెంటీమీటరు సెంటీమీటరుకూ పెయింటుతో గీతలు, పది సెంటీమీటర్లకు ఒక ఎర్ర గీత. రేవు మెట్ల పక్కన, పడవలు తగలని చోట దాన్ని కట్టాలి. బడి వేళల్లో గంటకోసారి ఇద్దరేసి పిల్లలు వెళ్ళి చదివి రావాలి, తోడుగా ఒక పెద్ద మనిషి ఉండాలి. మొదటి వారంలో వాళ్ళకు తెలిసేది నీరు రోజుకు రెండుసార్లు లేస్తుందని, రెండుసార్లు దిగుతుందని. మత్స్యకారుల పిల్లలు అది ఎప్పుడో తెలిసినట్టే నవ్వుతారు. రెండో వారంలో ఇంకో సంగతి బయటపడుతుంది. నిన్న పదింటికి వచ్చిన పోటు ఇవాళ పదింటికి రాలేదు, పదకొండుకు కాస్త ముందు వచ్చింది. రోజూ సుమారు 50 నిమిషాల ఆలస్యం. ఇంట్లో పంచాంగం ఉన్న పిల్లవాడికి దాన్ని ఘడియల్లోకి మార్చమని చెప్పండి. ఘడియకు 24 నిమిషాలు కనుక దాదాపు రెండు ఘడియలు. తిథికి రెండు ఘడియల చొప్పున పోటు వెనక్కి జరుగుతుందని ఆ పిల్లవాడు తానే రాసుకుంటాడు. చంద్రుడు కూడా రోజూ అంతే ఆలస్యంగా ఉదయిస్తాడని తర్వాత చెబితే, చెప్పాల్సింది ఇంకేమీ మిగలదు.

నేను పనిచేసిన ఒక బడిలో ఈ కర్ర పట్టిక గోడకు అంటించాం. వేటకు వెళ్ళే కుటుంబంలోని అమ్మాయి, తరగతిలో ఎప్పుడూ నోరు విప్పనిది, ఆ పట్టిక ముందు నిలబడి, ‘ఆయ్, ఇది తప్పండి మాస్టారూ, ఇవాళ పాటు ఇంత తొందరగా తగలదండి’ అంది. ఎందుకని అడిగాను. ఎగువ నుంచి వరద నీరు వస్తోందట. వరద ఉన్న రోజు నీరు ఆలస్యంగా తీస్తుందట. కర్ర చదివినవాళ్ళు వెళ్ళి చూసుకుంటే గంట అంకె ఒకటి పైవరసలో పడింది. ఆ రోజు నుంచి ఆ పట్టికకు ఆ అమ్మాయే పెద్ద. తరగతి గదిలో ఎవరికి ఎంత తెలుసన్న లెక్క ఒక్క పూటలో తిరగబడింది.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేవాళ్ళను అడగండి. పోటు మీద ఎక్కడ ఆగుతుందో, పాటు మీద ఎక్కడ ఆగుతుందో, మోటారు సైకిలు ఎక్కించడం ఎప్పుడు కష్టమో వాళ్ళకు నోటికి వచ్చు. మన తీరంలో అమావాస్య, పున్నమి రోజుల్లో నీరు ఎక్కిదిగే తేడా సుమారు మీటరున్నర ఉంటుంది. ఇంత పెద్ద ప్రయోగం మన కళ్ళముందు రోజుకు రెండుసార్లు జరుగుతుంటే, మనం పిల్లలకు నల్లబల్ల మీద భూమి, చంద్రుడు, సూర్యుడు అని మూడు సున్నాలు గీసి ఊరుకుంటున్నాం.

కర్రను ఏడాదంతా ఉంచితే ఇంకా విలువైన సంగతి దొరుకుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మన తీరంలో సముద్రపు సగటు మట్టం తక్కువగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి అది పైకి లేస్తుంది. వర్షాకాలపు నదుల నీరు బంగాళాఖాతంలో కలవడం, తీరం వెంట ప్రవాహం దిశ మార్చుకుని దక్షిణానికి సాగడం, నీరు వేడెక్కి వ్యాకోచించడం, ఇవన్నీ కలిసి చేసే పని అది. అంటే తుఫానులు ఎక్కువగా వచ్చే నెలల్లోనే సముద్రం ముందే ఎత్తు మీద నిలబడి ఉంటుంది. ఇది పిల్లల పట్టికలో కనబడుతుంది. ఏ పాఠ్యపుస్తకంలోనూ కోనసీమ పిల్లల కోసం ఇది రాసి లేదు.

పుస్తకంలోని సముద్రం ఎక్కడి సముద్రమో తెలియదు. అలలు, ఆటుపోట్లు, ప్రవాహాలు అని మూడు మాటలుంటాయి. సగటు లవణీయత లీటరుకు 35 గ్రాములని ఉంటుంది. ఆ పుస్తకం చదివే పిల్లవాడి నాన్న పొద్దున్నే రొయ్యల చెరువు గట్టు మీద ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరులో ఒక చుక్క వేసి, ‘పన్నెండు పీపీటీ ఉందిరా’ అని మేస్త్రీతో అంటుంటాడు. పీపీటీ, పీహెచ్, డీవో, అమ్మోనియా, ఈ మాటలు కోనసీమలో పాన్ షాపు దగ్గర వినిపిస్తాయి. తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు ఎందుకు పడిపోతుందో, ఏరియేటర్లు అప్పుడే ఎందుకు తిప్పాలో చెరువు కాపలా మనిషికి తెలుసు. రాత్రి వెలుతురు లేక నాచు ఆక్సిజన్ తయారు చేయదని, తాను కూడా పీల్చుకుంటుందని తరగతిలో చెప్పే కిరణజన్య సంయోగక్రియ పాఠమే అది. ఇంట్లో నడిచే విజ్ఞానం, బళ్ళో చెప్పే విజ్ఞానం ఒకదానికొకటి ఎదురుపడకుండా పక్కపక్కనే వెళ్ళిపోతున్నాయి. రైతును ఆ రిఫ్రాక్టోమీటరుతో ఒక పూట బడికి రమ్మని పిలవండి. కాదనే రైతును నేను చూడలేదు.

ఉప్పు దగ్గర మొదలుపెడితే ప్రయోగాలకు అంతుండదు. ఒడలరేవు నుంచో అంతర్వేది నుంచో లీటరు నీళ్ళు తెచ్చి, గుడ్డలో వడపోసి, వెడల్పాటి గిన్నెలో ఇగిరేదాకా మరిగించి, మిగిలిన ఉప్పును బంగారం కొట్టు కాటా మీద తూచమనండి. పుస్తకం చెప్పిన 35 గ్రాములు రావు. అక్టోబరులో తెచ్చిన నీళ్ళకైతే బాగా తక్కువ వస్తుంది. పిల్లలు తమ తూకం తప్పనుకుంటారు. అప్పుడు చెప్పాలి, తప్పు వాళ్ళది కాదని. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదులు కలిసే బంగాళాఖాతం, వర్షాకాలం చివరికి పైపొరలో అంత ఉప్పగా ఉండదు. ఉత్తర భాగంలో 30 కన్నా కిందికి దిగిపోతుంది. పిల్లలు తూచింది ప్రపంచపు సగటును కాదు, తమ సముద్రాన్ని.

ఆ తేలిక నీటి పొర మీద ఇంకో ప్రయోగం ఉంది. వెడల్పు మూతి గాజు సీసాలు రెండు తీసుకోవాలి. ఒకదాని నిండా ఉప్పునీళ్ళు, ఇంకోదాని నిండా సిరా కలిపిన కాలవ నీళ్ళు. కాలవ నీళ్ళ సీసా మూతికి దళసరి అట్ట అడ్డంపెట్టి, తలకిందులు చేసి, ఉప్పునీళ్ళ సీసా మీద మూతికి మూతి ఆనించి, అట్టను మెల్లగా లాగాలి. నీలం పైనే ఉండిపోతుంది. పైదాన్ని కిందికి, కిందిదాన్ని పైకి మార్చి మళ్ళీ చేస్తే రెప్పపాటులో రెండూ కలిసిపోతాయి. బంగాళాఖాతంలో వర్షాకాలం తర్వాత ఉన్నది మొదటి సీసాల జత. తుఫాను తన గాలితో సముద్రాన్ని చిలికి, అడుగునున్న చల్లని నీటిని పైకి తెస్తుంది. దాంతో తన బలాన్ని తానే తగ్గించుకుంటుంది. కానీ పైన మంచినీరు కలిసిన తేలిక పొర ఉన్నచోట ఆ చిలకడం అంత సులువు కాదు. పైనీరు వెచ్చగానే ఉండిపోతుంది, తుఫానుకు ఆహారం అందుతూనే ఉంటుంది. కారణాలు ఇంకా ఉన్నాయి కానీ ఇది వాటిలో ముఖ్యమైనది. మనల్ని పోషించే గోదావరి నీరే సముద్రంలో చేరాక ఈ పని కూడా చేస్తోందని ఎనిమిదో తరగతి పిల్లకు రెండు సీసాలతో చూపించవచ్చు.

గుడ్డు ప్రయోగం అందరికీ తెలిసిందే అనుకుంటాం. ఉప్పునీటిలో గుడ్డు తేలుతుందని పిల్లలు గబగబా చెప్పేస్తారు. తాజా గుడ్డును నిజంగా సముద్రపు నీళ్ళలో వేయించండి, మునిగిపోతుంది. సముద్రపు నీరు మంచినీటికన్నా నూటికి రెండున్నర పాళ్ళే బరువు, గుడ్డుకు అది చాలదు. గుడ్డు తేలేదాకా ఉప్పు కలిపి, అందులో వరి విత్తనాలు పోసి తాలు తీసే రైతులకు ఎంత ఉప్పు పడుతుందో తెలుసు. విన్న జవాబుకూ చేసి చూసిన జవాబుకూ తేడా ఆ గ్లాసులో కనబడుతుంది.

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది ఎర్రనీటి ప్రయోగం. జూలైలో గోదావరికి కొత్తనీరు వచ్చిన వారం చేయాలి. కాలవలోంచి బకెట్ నీళ్ళు తెచ్చి రెండు గాజు గ్లాసుల్లో సమంగా పోస్తాం. ఒకదానిలో చెంచాడు కల్లుప్పు వేసి కలుపుతాం, రెండోదాన్ని ఊరికే కలుపుతాం. కిటికీ గట్టు మీద పెట్టి పాఠం చెప్పుకుంటాం. కాసేపటికి ఉప్పు వేసిన గ్లాసులో సన్నటి తునకలు కనబడతాయి, మబ్బుముక్కల్లా ఒకదానికొకటి అంటుకుంటూ కిందికి జారతాయి. పీరియడ్ గంట కొట్టేసరికి పైసగం తేటగా, అడుగున వేలెడు బురద. పక్క గ్లాసు మాత్రం టీ రంగులోనే ఉంటుంది. సాయంత్రం బడి వదిలేదాకా అంతే. బంకమట్టి రేణువుల మీద రుణ విద్యుదావేశం ఉండి, మంచినీటిలో అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు ఆ నెట్టుడును తగ్గించేస్తుంది. అప్పుడవి గుంపులు కట్టి మునిగిపోతాయి. మన ముత్తవ్వలు కొత్తనీటి బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపినప్పుడూ మట్టి ఇలాగే గుంపులు కట్టి దిగేది.

ఇప్పుడు పిల్లల్ని అడగండి, గోదావరి బురద సముద్రాన్ని తాకగానే ఏమవుతుంది? గ్లాసు వైపు చూసి చెబుతారు. ఆ క్షణం వాళ్ళు కాళ్ళ కింది నేల వైపు చూస్తారు. లంకలు, తిప్పలు, మడ అడవి పెరిగే మెత్తటి రేవడి, కోనసీమ అనే ఈ డెల్టా మొత్తం వేల ఏళ్ళుగా అలా దిగిన ఒండ్రే. ముతక ఇసుక నీటి వేగం తగ్గినచోట ఆగిపోతుంది, సన్నటి బంకమట్టి ఉప్పు తగిలినచోట దిగుతుంది. ఆ గ్లాసు అడుగున ఉన్నది వాళ్ళ ఊరు. ఆ ఎర్రనీరు తగిలాకే పులస సముద్రం నుంచి నదికి ఎదురెక్కుతుందని ఏ పిల్లవాడైనా చెబుతాడు. ఉప్పునీటిలో బతికే చేప మంచినీటిలోకి వచ్చి గుడ్లు పెట్టాలంటే దాని మొప్పలూ మూత్రపిండాలూ ఉప్పును తీసుకునే తీరునే మార్చుకోవాలి. ఆ చేప ధర మీద మనం మాట్లాడుకునేదాంట్లో పదోవంతు దాని ఒంట్లో జరిగే ఈ మార్పు మీద మాట్లాడితే జీవశాస్త్రం పాఠం ఒకటి పూర్తవుతుంది.

ఒండ్రు సంగతి అక్కడితో ఆగదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పుడు గోదావరి నీటితో పాటు మట్టి కూడా డెల్టాకు వచ్చేది. తర్వాత నది పొడవునా జలాశయాలు లేచాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం, 1970లలో ధవళేశ్వరం దగ్గర నది ఏటా సగటున సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. వచ్చే మట్టి తగ్గింది, అల తినేది తగ్గలేదు. తీరం కోతకు గురయ్యే ఊళ్ళ పిల్లలు ఈ లెక్కను సొంతంగా చూడగలరు. కదలని గుర్తు ఒకటి ఎంచుకుని, గుడి గోడో, కల్వర్టో, అక్కడి నుంచి అల అంచు గట్టు దాకా టేపుతో ఏడాదికి నాలుగుసార్లు కొలిస్తే చాలు. ఇప్పుడు ఆరో తరగతి పిల్లలు మొదలుపెట్టింది వాళ్ళు పదో తరగతి ముగించేసరికి అయిదేళ్ళ కొలత అవుతుంది.

ఇసుకతో ఇంకో పని ఉంది. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఎండు ఇసుకలో తిప్పితే నల్లటి రేణువులు అంటుకుని గడ్డంలా వేలాడతాయి. ఇనుము, టైటానియం ఉన్న ఖనిజాలు అవి. భూతద్దం పెడితే అక్కడక్కడా ఎర్రటి గాజుముక్కల్లాంటి గార్నెట్లు కనబడతాయి. ఒకటి దక్కను నల్లరాతి నుంచి, ఇంకోటి తూర్పు కనుమల నుంచి, త్ర్యంబకం దగ్గర పుట్టి 1465 కిలోమీటర్లు నడిచిన నది ఏరుకుంటూ తెచ్చినవి. పటం మీద గోదావరిని గీయించే ముందు ఈ గుప్పెడు ఇసుక ఇవ్వండి.

రాజోలు వైపు ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా ఒక మాట. శంకరగుప్తం డ్రెయిన్ గుండా పోటునీరు లోపలికి ఎగదన్ని, కేశనపల్లి చుట్టుపక్కల కొబ్బరితోటలు మొవ్వు ఎండి మోడులవుతున్న సంగతి రాష్ట్రమంతా విన్నది. ఉప్పు ఎంతదాకా వస్తోంది, ఏ తిథికి ఎంత వస్తోంది అన్నది పిల్లలు కొలవగల విషయం. స్ట్రాకు ఒక చివర మైనం పెట్టి మూసి, లోపల వలకు కట్టే సీసం ముక్కలు వేస్తే అది నీటిలో నిటారుగా తేలుతుంది. పదిహేను సెంటీమీటర్లు మునిగే స్ట్రా సముద్రపు నీటిలో సుమారు నాలుగు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. మధ్యలో గీతలు పెట్టుకుంటే ఉప్పు కొలత వస్తుంది. చిన్న తేడాకు అది చాలదు, అక్కడ రైతు రిఫ్రాక్టోమీటరు కావాలి. డ్రెయిన్ మీద ఒక్కో వంతెన దగ్గర పోటు వేళ ఒకసారి, పాటు వేళ ఒకసారి బకెట్ దించి నీళ్ళు తోడి చూడాలి. పైనీరూ అడుగునీరూ విడివిడిగా చూడాలి, ఎందుకంటే ఉప్పునీరు అడుగున జారుతూ వస్తుంది. సీసాల ప్రయోగం చేసిన పిల్లలకు అది చెప్పకుండానే తెలుసు. ఏ వంతెన దాకా ఉప్పు వచ్చిందో, ఏ నెలలో వచ్చిందో రాసిన పట్టిక గ్రామసభలో చదివితే పెద్దలు వింటారు. మన బిడ్డలు కొలిచిన అంకె కనుక వింటారు.

ఇక తుఫాను. దీన్ని ఆటస్థలంలో నేర్పాలి. ముగ్గుపిండితో ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా ఒక గీత, అది తీరం. గీతకు తూర్పున సముద్రం, పడమట ఊళ్ళు. పాతికమంది పిల్లలు గుండ్రంగా తాడు పట్టుకుని గడియారం ముల్లుకు ఎదురు దిశలో నడుస్తుంటారు. మధ్యలో ఒకడు కదలకుండా నిలబడతాడు, వాడు తుఫాను కన్ను. గుండ్రం మొత్తాన్ని మెల్లగా పడమటికి, గీత మీదికి జరపాలి. ఆగమని ఈల వేసి, కన్నుకు ఉత్తరాన ఉన్న పిల్లల్ని అడగండి, మీరు ఎటు నడుస్తున్నారు? ఊళ్ళ మీదికి. దక్షిణాన ఉన్నవాళ్ళు? సముద్రం వైపుకు. ఉప్పెన కన్నుకు ఉత్తరాన ఎందుకు ఎక్కువగా ముంచుతుందో ఇంతకన్నా బాగా చెప్పే పటం లేదు. కన్ను తమ మీదికి వచ్చినప్పుడు గాలి ఆగిపోతుందని, అది తుఫాను పోయినట్టు కాదని, వెనక అంచు ఎదురు దిక్కు నుంచి కొడుతుందని తాడు పట్టుకున్న పిల్లకు ఒళ్ళే చెబుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే కన్ను ఎడమచేతి వైపు ఉంటుందన్న సూత్రాన్ని కూడా అక్కడే నేర్పవచ్చు. గాలి పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీరు ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది. నలభై మిల్లీబార్ల లోటున్న తుఫానుకు అది నలభై సెంటీమీటర్లు. మిగతా ఎత్తంతా గాలి తోసుకొచ్చేది, లోతు తక్కువున్న తీరంలో అది ఇంకా పెరుగుతుంది.

ఈ విద్య మన తీరానికి కొత్త కాదు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి కోరంగి రేవును ఉప్పెన తుడిచిపెట్టింది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఇలాంటి బంగాళాఖాతపు తుఫానుల మీద ఓడల దినచర్య పుస్తకాలు ఏరి, గాలి తిరిగే తీరు రాసి, 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో వాటికి సైక్లోన్ అని పేరు పెట్టాడు. 1952లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ వాల్తేరు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థుల్ని వెంటబెట్టుకుని బంగాళాఖాతం మీదికి వెళ్ళారు. వేసవి ముందు తీరం దగ్గర అడుగు చల్లనీరు పైకి రావడాన్ని వాళ్ళు కొలిచారు. తర్వాత సముద్రం అడుగున లోయల్ని గుర్తించి ఒకదానికి ఆంధ్ర అని, ఇంకోదానికి భూగర్భ శాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్ పేరు పెట్టారు. ఇవాళ హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూసిన నీటి వేడిని, నాచు పచ్చదనాన్ని బట్టి చేపలు దొరికే చోట్లు తెలుగులో చెబుతుంది. 2007 నుంచి సునామీ హెచ్చరికలూ అక్కడి నుంచే. ఆ సందేశం చదివే మత్స్యకారుడి కొడుకు, ‘నీటి వేడి మారేచోట చేప ఎందుకుంటుంది నాన్నా’ అని అడగగలగాలి. అడుగు నీటితో ఎరువు పైకొస్తుందని, దాన్ని తిని నాచు పెరుగుతుందని, నాచు వెంట చిన్నచేప, చిన్నచేప వెంట పెద్దచేప అని చెప్పగలగాలి.

చేతులతో నేర్పడం పల్లె బళ్ళలో సాధ్యం కాదనేవాళ్ళకు హోషంగాబాద్ చూపిస్తాను. 1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో, సరిగ్గా ఈ ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకే, పిల్లలు ప్రయోగం చేసి నేర్చుకునే సైన్సు మొదలైంది. తర్వాత వందల బళ్ళకు పాకింది. ఉపాధ్యాయులకు ఏటా శిక్షణ ఉండేది. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు, ప్రయోగం చేసి చూపాలి కూడా. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ముప్ఫయ్యేళ్ళు నడిచినదాన్ని సాధ్యం కాదనకూడదు. ఆగిపోయిందంటే దానికి అధికారుల అండ కరువైందని అర్థం, పిల్లలకు చేతకాలేదని కాదు. మన దగ్గర జన విజ్ఞాన వేదిక చెకుముకి సంబరాలతో, బాలల సైన్స్ కాంగ్రెస్‌తో ఈ అలవాటును కొంత నిలబెట్టింది. అది పోటీకి వెళ్ళే కొద్దిమందితో ఆగకుండా రోజువారీ పీరియడ్‌లోకి రావాలి.

జపానులో 1854లో భూకంపం వచ్చి సముద్రం ముంచుకొస్తున్న చీకట్లో, హమగుచి గోర్యో అనే పెద్దమనిషి కోసిన వరి కుప్పలకు నిప్పుపెట్టి, ఆ వెలుగులో ఊరివాళ్ళను ఎత్తుకు చేర్చాడు. ఆ కథను 1937 నుంచి పదేళ్ళు అక్కడి బడిపిల్లలకు పాఠంగా చెప్పారు. ఆ సంఘటన గుర్తుగానే నవంబరు 5ను ప్రపంచ సునామీ అవగాహన దినంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. మన సంస్మరణ దినానికి ఒక్క రోజు ముందు. మన బళ్ళు ఆ రెండు రోజులనూ కలిపి సముద్రం కోసం కేటాయించాలని నా కోరిక.

భయం గురించి. తల్లిదండ్రులు పిల్లల్ని నీటి దగ్గరికి పంపడానికి జంకుతారు, జంకాలి కూడా. మొగ దగ్గర పాటు లాగుడు ఈత వచ్చినవాణ్ణీ వదలదు. నేను చెప్పినవాటిలో ఏ ఒక్కటీ నీళ్ళలోకి దిగి చేసేది కాదు. రేవు మెట్ల మీద, వంతెన రెయిలింగు వెనక, గట్టు మీద, తరగతి గదిలో చేసేవి. నీళ్ళు తెచ్చేది పెద్దవాళ్ళు. అంతర్వేది అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గరికి తీసుకెళ్తే ఊరి మత్స్యకారుల్లో అనుభవజ్ఞులను ఇద్దర్ని పిలుచుకోండి. వాళ్ళు కాపలాకూ పనికొస్తారు, పాఠానికీ పనికొస్తారు. వాతావరణ హెచ్చరిక ఉన్న రోజు కర్ర దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు. ఆ గడి ఖాళీగా ఉంచి, ఎందుకు ఖాళీయో పక్కన రాయాలి.

ఉపాధ్యాయులు నన్ను ఎప్పుడూ అడిగే ప్రశ్న మార్కుల గురించి. సిలబస్ అవ్వాలి, పరీక్షలో ఇవి రావు కదా అంటారు. అది న్యాయమైన బెంగ. అందుకే యూనిట్ పరీక్షలు బడి స్థాయిలో తయారయ్యేచోట ఒక్క ప్రశ్న చొప్పున మొదలుపెట్టండి. నమూనాకు ఏడో తరగతి కోసం ఒకటి రాసుకొచ్చాను, ప్రతులు తలుపు దగ్గర ఉన్నాయి. పిల్లలు సొంతంగా రాసిన కర్ర పట్టికను ప్రశ్నపత్రం పక్కన పెట్టుకోవచ్చు. ‘కార్తీక పౌర్ణమి నాడు మీ రేవులో నీటిమట్టం అత్యధికంగా ఎంత? ఆ తర్వాతి అష్టమి నాడు ఎంత? తేడా ఎంత? పౌర్ణమి నాటి పోటు మీద రెండు మీటర్ల ఉప్పెన వస్తే రేవు మెట్లలో ఎన్నో మెట్టు దాకా నీరు వస్తుంది? మీ ఇంటి అరుగు ఆ మెట్టు కన్నా ఎత్తా, పల్లమా? ఎలా కొలిచారో రాయండి.’ అయిదు మార్కులు.